గోదారికి ఎదురెక్కిన కథ

జులై, ఆగస్టు నెలల్లో భద్రాచలం చుట్టుపక్కల ఊళ్ళకు ఫోన్ చేస్తే యోగక్షేమాలకన్నా ముందు నీళ్ళ మాటే వస్తుంది. "గోదారి ఎంతుందే?" అంటే అవతలివాళ్ళు అంకె చెబుతారు. ఆ అంకె ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. వంతెన దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మూడోది దాటిందంటే మూటాముల్లె సర్దుకోవాల్సిందే. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, అదే ఇప్పటికీ రికార్డు. 2022 జులైలో 71.3 అడుగుల దాకా వెళ్ళింది. కింద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకే ఇస్తారు. పైన అంత, కింద ఇంతేనా అని కొత్తవాళ్ళు ఆశ్చర్యపోతుంటారు గానీ, ఏ చోటి కొలబద్దకు ఆ చోట సున్నా వేరు.

ఆ రోజుల్లో ఇక్కడ వినబడే క్రియలు గమనించండి. గోదారి లేస్తోంది. పెరుగుతోంది. పోటెత్తింది. కూనవరం దగ్గర శబరి నిండుగా వచ్చి కలిసినప్పుడు, దానికి తోడు పాపికొండల ఇరుకులో నీరు త్వరగా దిగలేనప్పుడు, గోదారి వెనక్కి ఎగదన్నుతోంది అంటారు. ఇంగ్లిషువాడికి ఇవన్నీ 'రైజ్' అనే ఒక్క మాటలో ఇమిడిపోతాయి. నిఘంటువులో ఆ మాట కింద అర్థాలు బారులు తీరి ఉంటాయి. సూర్యుడు పొడవడం, మనిషి లేవడం, ధర పెరగడం, పాలు పొంగడం, పొగ పైకి పోవడం, ప్రజలు తిరగబడడం, అన్నీ అందులోవే. మన మాటల్లో మాత్రం ఒక తేడా స్పష్టంగా ఉంది. తనంతట తాను పైకి వచ్చేది లేస్తుంది, పొంగుతుంది. ఇంకొకరు ప్రయాసపడితే వచ్చేదాన్ని లేపుతారు, ఎత్తుతారు. కాళ్ళూ చేతులూ ఆడించి పోయేవాడు ఎక్కుతాడు, ఎగబాకుతాడు. మన్యంలో జీలుగు చెట్టెక్కి కల్లు దించే మనిషిని చూస్తే, ఎక్కడానికి ఎంత కండ కావాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ సరిహద్దు సీమలో గోదారి లేవడం ప్రతి ఏడూ చూసేదే. గోదారికి ఎదురెక్కాలనుకున్న మనుషుల కథే ఎక్కువమందికి తెలియదు. దానికి సాక్ష్యం దుమ్ముగూడెం దగ్గర నదికి అడ్డంగా ఇప్పటికీ ఉంది.

పూర్వం ఈ నది మీద కిందికి పోవడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. అడవిలో కొట్టిన టేకు దుంగల్నీ వెదురునీ కలిపి కట్టి నీళ్ళలో వదిలితే ప్రవాహమే రాజమండ్రి దాకా మోసుకుపోయేది. ఎగువకు రావడం మాత్రం వేరే సంగతి. గాలి కలిసొస్తే తెరచాప ఎత్తేవారు. లేకపోతే లోతు తక్కువ చోట గడ వేసి నెట్టేవారు, అదీ కుదరకపోతే పడవకు తాడు కట్టి గట్టు మీంచి మనుషులు లాగేవారు. పడవ నది వాలును ఎక్కుతున్నంత సేపూ ఆ బరువు లాగేవాళ్ళ భుజాల మీదే. పాపికొండల దగ్గర అయితే లాగడానికి గట్టే ఉండదు, రెండు వైపులా కొండ నేరుగా నీళ్ళలోకి దిగి ఉంటుంది.

అంతకన్నా పెద్ద అడ్డంకి భద్రాచలానికి పైన ఉంది. దుమ్ముగూడెం దగ్గర నది అడుగున రాతిపట్టీ పైకి తేలి ఉంటుంది. నీరు తగ్గినప్పుడు ఆ రాళ్ళ మధ్యనుంచి సుడులు తిరుగుతూ దూకుతుంది. ఇంకా పైకి, ఇంద్రావతి కలిసే ఇచ్చంపల్లి దగ్గర ఇలాంటిదే మరొకటి. ప్రాణహిత మీద ఇంకొకటి. ఇంజనీర్లు తమ నివేదికల్లో వీటికి మొదటి అడ్డు, రెండో అడ్డు, మూడో అడ్డు అని పేర్లు పెట్టుకున్నారు. ఈ మూడూ దాటితే వార్ధా లోయ, అంటే మధ్య భారతంలో పత్తి పండే నల్లరేగడి నేల.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాన్ని కట్టిన ఆర్థర్ కాటన్‌కు ఆ ఆనకట్ట సగం పని మాత్రమే. ఆయన దృష్టిలో సేద్యం ఎంతో పడవ ప్రయాణం అంత. ఎడ్లబండి మీద సరుకు తోలడానికీ, పడవలో పంపడానికీ ఖర్చులో ఎంత తేడా ఉందో ఆయన జీవితమంతా చెబుతూనే వచ్చాడు. రైలు కన్నా నీటిదారి చవక అని వాదించి ఇంగ్లండులో ఎందరితోనో తగవు పెట్టుకున్నాడు. 1878లో పార్లమెంటు కమిటీ ముందు కూడా అదే మాట మీద నిలబడ్డాడు. గోదావరిని సముద్రం నుంచి వార్ధా దాకా పడవలు నడిచే దారిగా మార్చాలన్నది ఆయన ఆశ. ఎఫ్.టి. హెయిగ్ అనే యువ సైనిక ఇంజనీరు నదంతా తిరిగి కొలతలు తీసి 1856లో నివేదిక ఇచ్చాడు. 1860లో నిజాం గోదావరి ఎడమగట్టు తాలూకాలను ఇంగ్లిషువారికి అప్పగించాడు. ఆ ఒడంబడికలోనే నది మీద సరుకులకు సుంకం ఉండకూడదని రాసుకున్నారు. ఆ మరుసటి ఏడు అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. మాంచెస్టరు మిల్లులకు అక్కడి పత్తి ఆగిపోయింది. ఎవరూ పట్టించుకోని అడవి నది మీద ఒక్కసారిగా లండన్ చూపు పడింది.

రాళ్ళ మీంచి దూకే నీటిలో పడవను పైకి ఎలా తేవాలి? ఈ ప్రశ్నకు జవాబు దుమ్ముగూడెంలో పుట్టలేదు, ఇంగ్లండులోనూ పుట్టలేదు. అది చైనాలో పుట్టింది. ఆ కథ ఇక్కడ చెప్పుకోవాల్సిందే.

పదో శతాబ్దంలో చైనా గ్రాండ్ కెనాల్ మీద పన్ను ధాన్యం పడవల్లో రాజధానికి వెళ్ళేది. కాలువలో ఒక మట్టం నుంచి పై మట్టానికి పోవాల్సిన చోట ఏటవాలు గట్టు కట్టేవారు. పడవకు మోకులు కట్టి, ఆ గట్టు మీదికి ఈడ్చి, అవతల పక్క నీళ్ళలోకి జార్చేవారు. ఈడ్చేటప్పుడు పడవలు పగిలేవి. పగిలినప్పుడల్లా ధాన్యం దొంగలపాలయ్యేది. లాగే కూలీలూ దొంగలూ కుమ్మక్కయ్యేవారని అక్కడి చరిత్రలు రాసుకున్నాయి. 984లో చియావ్ వెయ్‌యూ అనే రవాణా అధికారి ఈ దోపిడీని ఆపడానికి ఒక ఉపాయం చేశాడు. కాలువలో కొంత ఎడంగా రెండు తలుపులు కట్టించాడు. రెంటి మధ్య నీటిగది ఏర్పడింది. పడవను ఆ గదిలోకి తెచ్చి కింది తలుపు మూస్తారు. పై తలుపు నుంచి నీరు వదులుతారు. గది నిండుతుంది, నీటితో పాటు పడవ లేస్తుంది. మట్టాలు సమానమయ్యాక పై తలుపు తెరిస్తే పడవ తన దారిన తాను పోతుంది. ఈడ్చడం లేదు, పగలడం లేదు, దొంగతనానికి చోటే లేదు. దొంగల్ని పట్టుకోవడానికి పోయిన ఒక అధికారి చేతిలో లోకానికి ఇంత గొప్ప సాధనం దొరికిందంటే నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చటగానే ఉంటుంది.

అయిదు వందల ఏళ్ళ తర్వాత ఇటలీలో దీనికి మంచి తలుపులు అమరాయి. అంతవరకూ తలుపును పైకి ఎత్తడమో దించడమో చేసేవారు. నీటి ఒత్తిడి మీద అంత బరువును కదపడం కష్టం. మిలాను కాలువల మీద 1490ల చివర కట్టిన ఇలాంటి నీటిగదుల్లో రెండు రెక్కల తలుపులు వచ్చాయి. ఆ ఆలోచన లియొనార్డో డావిన్చీదని చెబుతారు, ఆయన నోటు పుస్తకాల్లో బొమ్మలూ ఉన్నాయి. నమస్కారం పెట్టేటప్పుడు కలిసిన అరచేతుల్లా ఆ రెండు రెక్కలూ ఎగువ వైపుకు మొన తేలి కలుస్తాయి. ఎగువ నీరు ఎంత ఒత్తితే అవి అంత బిగుసుకుంటాయి. తలుపు మూసి ఉంచే పని నీటికే అప్పగించారన్నమాట. తెరవాలంటే తలుపు కింది చిన్న తూములు ఎత్తి, గదిలో మట్టం సమానం అయ్యేదాకా ఆగాలి. ఆ తర్వాత ఇద్దరు మనుషులు దూలం పట్టుకు నెడితే తలుపు విడిపోతుంది. అయిదు శతాబ్దాలుగా ఇంతకన్నా మెరుగైన తలుపు అవసరం పడలేదు. మన డెల్టా కాలువల మీద కాటన్ కాలంలో కట్టినవీ ఈ రకానివే. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల వాళ్ళు వీటిని లాకులంటారు. లాకు చూసుకునే లస్కర్లు, లాకుల దగ్గరి బస్టాపులు ఇప్పటికీ అక్కడి మాటల్లో ఉన్నాయి, కాలువల్లో పడవలు పోయి ఇన్నాళ్ళయినా.

లాకులో జరిగేది కొంచెం ఆగి చూడదగ్గది. ముప్ఫై మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు ఉన్న గదిలో పడవను మూడు మీటర్లు లేపాలనుకుందాం. గది నిండడానికి 540 ఘనపు మీటర్ల నీరు కావాలి. అంటే 5 లక్షల 40 వేల లీటర్లు. పడవలో ఇరవై టన్నుల పత్తి ఉన్నా, ఖాళీగా ఉన్నా గది నిండే మట్టం ఒకటే. లేపే పని నీటిదే కనుక లస్కరుకు ఆ బరువు తెలియదు. పడవ పైకి వెళ్ళిపోయాక గదిలోని నీరు కిందికి వదులుతారు. పడవ పైకి ఎక్కిందీ అంటే అంతకు ఎన్నో రెట్ల బరువున్న నీరు కిందికి దిగిందన్నమాట. శక్తి లెక్క చూస్తే ఇది దుబారాయే. కానీ ఆ నీరు ఎలాగూ కిందికి పోయేదే, దానికి ఎవరూ డబ్బు కట్టనక్కర్లేదు. నది కిందికి పోయే తొందరనే పడవను పైకి తేవడానికి వాడుకోవడం అందులోని తెలివి.

దుమ్ముగూడెం దగ్గర అనుకున్నదీ ఇదే. నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి ఎగువ నీటిని రాళ్ళ పైకి లేపాలి. రాతిపట్టీని తప్పిస్తూ గట్టు వెంట కాలువ తవ్వి దాని మీద లాకులు పెట్టాలి. కింది నుంచి వచ్చిన పడవ ఆ కాలువలో మెట్లుమెట్లుగా లేచి ఎగువ నదిలో కలవాలి. పని హెయిగ్ చేతుల మీదుగా సాగింది. ఆయన క్రైస్తవ భక్తుడు. ఆనకట్ట పని చూస్తూనే కోయల మధ్య మత ప్రచారానికీ బీజం వేశాడు. తర్వాత లూకా సువార్తను కోయ భాషలోకి తెచ్చాడు. దుమ్ముగూడెం మిషన్ చరిత్ర అక్కడినుంచే మొదలవుతుంది.

ఆ అడవిలో పని చేయించడం ధవళేశ్వరంలో చేయించినట్టు కాదు. డెల్టాలో కూలీలు దగ్గర ఊళ్ళనుంచి వచ్చి సాయంత్రానికి ఇంటికి పోగలరు. ఇక్కడ తిండిగింజలు కూడా కింది నుంచి పడవల్లో రావాలి. పని చేయగలిగేది వరద తగ్గాక, ఎండలు ముదిరేలోపు. వాటన్నిటికన్నా మన్యం జ్వరం. వానలు వెనకబడ్డాక చలితో వణికించే ఆ జ్వరం కూలీనీ దొరనీ ఒకే తీరున పడేసేది. చెడుగాలి వల్ల వస్తుందని అప్పట్లో నమ్మకం. అది దోమ వల్ల వస్తుందని తేల్చే ఆధారం 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్‌కు దొరికింది కూడా మన సికింద్రాబాదులోనే. దుమ్ముగూడెం పనివాళ్ళకు అది ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా వచ్చిన కబురు.

ఆనకట్ట లేచింది. లాకులు వచ్చాయి. అయినా పత్తి పడవలు రాలేదు.

కారణాల్లో మొదటిది ఆ పథకం పుట్టుకలోనే ఉంది. మూడు అడ్డంకులూ తొలగితేనే వార్ధా నుంచి సముద్రానికి దారి. ఒక్కటి దాటితే సరుకు ఎక్కడికీ పోదు. దుమ్ముగూడెం దాటిన పడవ ఇచ్చంపల్లి దగ్గర ఆగాలి. పైన పనులు నానుతూనే ఉన్నాయి. ఈలోగా 1865లో అమెరికా యుద్ధం ముగిసి అక్కడి పత్తి మళ్ళీ మార్కెట్‌కు వచ్చింది, ధర దిగింది. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూరు చేరింది. ఏ పత్తి కోసం మూడు ఆనకట్టలు తలపెట్టారో ఆ పత్తి పడమటి దారి పట్టి బొంబాయికి పోయింది. దానికి తోడు నది స్వభావం. వానాకాలంలో పడవ నిలవలేనంత వడి, ఎండాకాలంలో పడవ తేలలేనంత పలచన. మధ్యలో పనికొచ్చే నెలలు కొద్ది. లాకు పడవను లేపగలదు గానీ నది మొత్తానికి నీరు పుట్టించలేదు. కాటన్ రైలు మీద కోపంతో ఈ సంగతిని తక్కువ అంచనా వేశాడని నా అభిప్రాయం. కాలువల్లో నీరు మనం వదిలినంత ఉంటుంది. డెల్టాలో ఆయన లాకులు వంద ఏళ్ళు పని చేశాయంటే ఆ వెనక నిండు కాలువ ఉంది. ఎగువ గోదారికి ఆ భరోసా లేదు.

1871లో పనులు ఆపేశారు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మధ్య పరగణాల నుంచి తీసి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిపారు. ఆ సీమ ఆ తర్వాత ఎన్ని చేతులు మారిందో ఇక్కడివాళ్ళకు తెలుసు. 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో దానిలో పెద్ద భాగం ఆంధ్రప్రదేశ్‌కు పోయింది. భద్రాచలం పట్టణం, దుమ్ముగూడెం 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నాయి.

పడవల పని ఆగిన ఆ 1871లోనే, నదికి కుడి వైపున నిజాం ఇలాకాలో, జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. ఈ రెండు సంగతుల మధ్య ఆనాడు సంబంధం లేదు. ఒకటి నీటిదారి మూసుకుపోవడం, ఇంకొకటి గనుల దారి తెరుచుకోవడం. తర్వాత నూట యాభై ఏళ్ళలో మాత్రం రెండూ కలిశాయి. బొగ్గు రైళ్ళను నడిపింది, కరెంటు పుట్టించింది, చివరికి గోదారి నీటినే పైకి ఎత్తడానికి వచ్చింది.

ఎత్తిపోత మనకు కొత్తేమీ కాదు. మెరక పొలానికి నీరు పెట్టాలంటే ఇద్దరు మనుషులు చెరో వైపు తాళ్ళు పట్టుకుని గూడ వేసేవారు. బావి దగ్గర మోటకు ఎడ్లు వాలులోకి దిగుతూ తోలుబొక్కెన పైకి లాగేవి. ఏతం అన్నిటికన్నా గమ్మత్తయినది. పొడవాటి దూలం ఒక ఆధారం మీద తూగుతుంటుంది. దాని మీద మనిషి ముందుకు నడిస్తే బాన నీళ్ళలో మునుగుతుంది, వెనక్కి నడిస్తే అతని బరువుకు దూలం వెనక కొస దిగి బాన పైకి వస్తుంది. అందులోనూ లాకులోని సూత్రమే ఉంది. పైకి వచ్చే ప్రతి బానకూ ఏదో ఒక బరువు కిందికి దిగాలి. లాకులో ఆ దిగడం నది వంతు, ఏతంలో మనిషి వంతు. పొద్దంతా ఆ దూలం మీద అటూ ఇటూ నడిచినవాడి కాళ్ళకు ఆ లెక్క బాగా తెలుసు.

గోదావరి లోతట్టున పారుతుంది, ఖమ్మం పొలాలు మెరకన ఉంటాయి. పక్కనే ఇంత నది ఉండి వానల మీద ఆధారపడడం ఈ జిల్లాకు పాత బాధ. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో దుమ్ముగూడెం పేరుతో రాజీవ్ సాగర్, రుద్రమకోట పేరుతో ఇందిరా సాగర్ ఎత్తిపోతల పథకాలు వచ్చాయి. తెలంగాణ వచ్చాక ఆ రెంటినీ కలిపి మార్చి సీతారామ ఎత్తిపోతల పథకం చేశారు. 2016 ఫిబ్రవరిలో రోళ్ళపాడులో దానికి శంకుస్థాపన జరిగింది. నీరు తీసుకునే చోటు ఏదంటారా? దుమ్ముగూడెం ఆనకట్ట నిలబెట్టిన నీరే. పత్తి పడవ కోసం లేపిన మట్టం పొలాల కోసం పనికొచ్చింది. కుడిగట్టున అశ్వాపురం మండలం బి.జి. కొత్తూరు దగ్గర మొదటి పంపుహౌసు, ములకలపల్లి మండలంలో పూసుగూడెం దగ్గర రెండోది, కమలాపురం దగ్గర మూడోది. హెయిగ్ పడవకు మెట్లు కడితే ఇప్పటి ఇంజనీర్లు నీటికే మెట్లు కట్టారు. 2024 ఆగస్టు 15న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పూసుగూడెంలో పంపులు ప్రారంభించారు.

ఈ మెట్లకు నది ఖర్చు భరించదు. లెక్క తేలికే. ఒక టీఎంసీ నీటిని పది మీటర్లు ఎత్తాలంటే, ఎక్కడా నష్టమే లేదనుకున్నా 7.7 లక్షల యూనిట్ల కరెంటు కావాలి. పంపులో, మోటారులో, గొట్టంలో పోయేది కలిపితే ఇంకా ఎక్కువ. మూడు మెట్లు ఎక్కాలంటే ఎంతో మీరే గుణించుకోవచ్చు. ఆ కరెంటులో పెద్ద వాటా మన రాష్ట్రంలో బొగ్గుదే. మణుగూరు పక్కన 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం గోదారి గట్టునే ఉంది. సింగరేణి బొగ్గు కాలి ఆవిరి లేస్తుంది, ఆవిరి టర్బైను తిప్పుతుంది, కరెంటు పంపుకు పోతుంది, నీరు మెరకకు ఎక్కుతుంది. ఏతం మీద నడిచిన మనిషి కాళ్ళ పనిని ఇప్పుడు భూమిలో కోట్ల ఏళ్ళు పడి ఉన్న అడవి చేస్తోంది. ఖమ్మం రైతుకు నీరు అందడం న్యాయం, అందులో నాకు రెండో మాట లేదు. కానీ పంపు నడిచిన ప్రతి గంటకూ ఖర్చు ఉంటుందని, ఆ ఖర్చు ప్రతి ఏడూ కట్టాల్సిందేనని పథకం గీసిన రోజే రైతుకు చెప్పాలి. ఎక్కడ వాలు కలిసివస్తే అక్కడ పంపు లేకుండా పారించే దారి వెతకాలి.

భద్రాచలం పట్టణంలో ఎత్తిపోత ఇంకో రూపంలో ఉంది, బయటివాళ్ళకు అది అంతగా తెలియదు. 1986 వరద తర్వాత ఊరిని కాపాడడానికి కరకట్ట కట్టారు. ఊళ్ళో పడిన వాన నదిలోకి పోవడానికి ఆ కట్టలో తూములు ఉన్నాయి. గోదారి మట్టం ఊరి మట్టం దాటితే ఆ తూములు మూసేయాలి, లేకపోతే నదే ఊళ్ళోకి వస్తుంది. మూసేశాక ఊళ్ళో వాన ఆగకపోతే నీరు లోపలే నిలిచిపోతుంది. అప్పుడు మోటార్లు పెట్టి ఊరి నీటిని కట్ట మీంచి గోదాట్లోకి తోడతారు. రామాలయం కింది వీధులవాళ్ళకు గోదారి అంకె ఎంత ముఖ్యమో మోటార్లు నడుస్తున్నాయా లేదా అన్నదీ అంతే ముఖ్యం.

ఇక పడవ దారి సంగతి. కాటన్ ఆశ కాగితం మీద ఇంకా బతికే ఉంది. 2008లో కేంద్రం ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171 కిలోమీటర్ల గోదావరి ఉంది. 2016 చట్టంతో ఆ మార్గాన్ని ఎగువన నాసిక్ దాకా పొడిగించారు. అంటే చట్టం ప్రకారం ఆ దారి దుమ్ముగూడెం మీదుగానే పోవాలి.

ఇప్పుడు ఆ ఆనకట్టకు కాస్త దిగువన సీతమ్మసాగర్ బ్యారేజీ కడుతున్నారు. అది పూర్తయి గేట్లు దించితే నీరు వెనక్కి నిలుస్తుంది, పాత ఆనకట్ట నీటి కిందికి పోతుంది. పోవడం తప్పదు, కొత్తదాని అవసరం కొత్తదానిది. కానీ అంతకు ముందే చేయాల్సిన పని ఒకటుంది. ఆ ఆనకట్టనూ దాని పక్కనున్న పాత కాలువ, లాకుల జాడలనూ అంగుళం అంగుళం కొలిచి, పటాలు గీసి, ఫొటోలు తీసి ఉంచాలి. నీటిపారుదల శాఖ దగ్గర మనుషులున్నారు, కొత్తగూడెంలో ఇంజనీరింగు చదివే పిల్లలున్నారు. ఒక్క ఎండాకాలం నీరు తగ్గిన నెలల్లో ఆ పిల్లలను అక్కడికి పంపితే ఆ పని అయిపోతుంది. లాకు తలుపు ఏ మూల కుదిరిందో, రాయి మీద రాయి ఎలా పేర్చారో, నూట యాభైకి పైగా వరదలకు ఏది నిలిచి ఏది కొట్టుకుపోయిందో వాళ్ళు చేతులతో తడిమి నేర్చుకుంటారు. బ్యారేజీ గేట్లు దిగేలోపే అది జరగాలి.